శుక్రవారాల తిన్నని గీత

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది మన చిక్కడపల్లి మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను మీ పక్కనే మోకరించి వెక్కి వెక్కి ఏడుస్తుంటే, మన విమలక్కకు ఎంత భక్తి అని మీరు అనుకుని ఉంటారు, కానీ అవి భక్తితో వచ్చిన కన్నీళ్లు కావు, భయంతో వచ్చినవి!

నేను నారాయణగూడలో ఒక చిన్న పరిశోధన ల్యాబులో టెక్నీషియన్‌ని. మా మేడమ్ చిన్నపిల్లలకు వచ్చే ఒక రక్తపు జబ్బు మీద పని చేస్తారు. ఆమె ఊరూరా తిరిగి తెచ్చిన రక్తం నమూనాలు ఒక పెద్ద ఫ్రీజర్‌లో, మైనస్ ఎనభై డిగ్రీల చలిలో ఉంటాయి. పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి ఆ ఫ్రీజర్ మీద కనబడే అంకె చూసి రిజిస్టర్‌లో రాయడం నా పని. మన ప్రార్థన మూడున్నరకే మొదలవుతుంది కదా, అందుకని శుక్రవారాలు మూడింటికే నాలుగు గంటల గడిలో మైనస్ ఎనభై అని రాసేసి, మేడమ్‌కు చెప్పకుండా సంచి తగిలించుకుని వచ్చేసేదాన్ని. ప్రార్థనకు రావడానికి అబద్ధం రాశాను సహోదరులారా! దేవుని పనే కదా, ఆయనే చూసుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక శుక్రవారం నేను మందిరంలో ఉండగానే గాలివాన వచ్చి కరెంటు పోయింది, మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజు మైకు లేకుండానే పాడాం. మర్నాడు రెండో శనివారం సెలవు, ఆ తర్వాత ఆదివారం. సోమవారం అందరికంటే ముందు నేనే ల్యాబు తాళం తీశాను, చూస్తే ఫ్రీజర్ కింద నీళ్లు! కరెంటు తిరిగి వచ్చినా దాని స్విచ్ పడిపోయే ఉంది. ఆ నాలుగింటికి నేను అక్కడ ఉండి ఉంటే కనబడేదే కదా! స్విచ్ ఎత్తి, నీళ్లు తుడిచి, ఆ గుడ్డ పిండి ఆరేసి, నోరు మూసుకున్నాను.

అప్పటినుంచి, కరిగి చెడిపోయిన ఆ నమూనాలతో మేడమ్ చేసిన ఏ పరీక్షా కుదరలేదు. ఆర్నెల్లు ఆమె చేసిందే చేశారు, అన్నం డబ్బా తెరవకుండానే మధ్యాహ్నాలు గడిపారు. "నా చేతిలనే ఏదో తప్పున్నది విమలా," అంటుంటే నేను టీ కప్పు అక్కడ పెట్టి వచ్చేసేదాన్ని. అశోక్‌నగర్‌లో ఇంటికొస్తే మా ఆయన, "ఏందే, గట్ల పరేషాన్‌గున్నవ్?" అని అడిగేవారు. తలనొప్పి అనేదాన్ని.

అంతలో మా ల్యాబులో అన్నీ కంప్యూటర్‌కు మార్చాలనుకున్నారు. ఇక ఫ్రీజర్ చలిని ఒక సెన్సరే కొలిచి కంప్యూటర్‌లో నమోదు చేస్తుంది, తేడా వస్తే ఫోన్లకు కబురు పంపుతుంది. పాత రిజిస్టర్లన్నీ ఎక్కించే పని నాకే పడింది. నేను ఎక్కించిన అంకెలను, ఆ సెన్సర్ బిగించడానికి వచ్చిన ఇంజినీరమ్మాయి సోమవారం, మంగళవారం అని రోజుల వారీగా విడదీసి తెర మీద గీతలుగా చూపించింది. మిగతా రోజులవి కొంచెం పైకీ కిందికీ ఆడుతున్నాయి. శుక్రవారం సాయంత్రాలది మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది! "అక్కా, నీ శుక్రవారాలు మస్తు నీట్‌గున్నయ్!" అని నవ్వింది ఆ పిల్ల. ఆమెకు ఏ అనుమానమూ లేదు. నాకు మాత్రం అందులో నా అబద్ధమే కనబడింది.

గాజు సామాను కడిగే గదిలోకి పోయి తలుపు వేసుకుని, "తండ్రీ, నీ పేరు చెప్పుకుని అబద్ధం రాశాను, నన్ను క్షమించు, ఉద్యోగం పోతే పోనీ, ఆ తల్లి ఇక తనను తాను తిట్టుకోకూడదు, నా నోరు తెరువు ప్రభువా!" అని ఏడ్చాను. మొహం కూడా తుడుచుకోకుండా అలాగే మేడమ్ దగ్గరికి నడిచి అంతా చెప్పేశాను.

"ఆర్నెల్లు విమలా, ఆర్నెల్లు నన్ను నేనే అనుమానించుకున్న," అని ఆమె ఏడ్చారు. నేను కాళ్లు పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. "ఇప్పుడన్న చెప్పినవ్. పై ఫ్లోర్ల ఫ్రీజర్ల గవే నమూనాల రెండో సెట్ ఉన్నది, అయిపోతదని ముట్టలే. పా, తీద్దాం," అని నా చెయ్యి పట్టుకుని లేచారు. ఆ రెండో సెట్‌తో చేసిన పరీక్షలు కుదిరాయి, దేవునికి స్తోత్రం! నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాను, అది నాకు రావలసిందే.

ఇప్పుడు శుక్రవారాలు మేడమ్‌ను అడిగే వస్తున్నాను. "పోయి రా, మీ దేవునికి నా గురించి గూడ జర చెప్పు," అంటారు. చెబుతున్నాను, మీరూ చెప్పండి. మీలో ఎవరైనా నాలాగే నోరు మూసుకుని కుమిలిపోతుంటే, ఆయన దగ్గరికి రండి, ఆయన నన్ను సిగ్గుపరచలేదు, విడిపించాడు!

మొన్న శుక్రవారం సాయంత్రం సెన్సర్ నమోదు చేసిన అంకెలు చూశాను. మైనస్ డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది, మళ్లీ డెబ్బై ఎనిమిది. ఒక్కటీ సరిగ్గా ఎనభై లేదు. దేవునికే మహిమ!