రెండు చెవుల్లో రెండు శ్రుతులు

కోవిడ్ భయం తగ్గిన మరుసటి ఏడాది వేసవి. రాజమండ్రిలో ఒక ఈఎన్‌టీ ఆసుపత్రిలో నేను ఆడియాలజిస్టుని. చెవి ఎంతవరకు వింటోందో కొలిచి డాక్టరుగారికి చెప్పడం నా పని. ఆ మధ్యాహ్నం ఒకాయన భార్యతో వచ్చారు. మాస్కు తీశాక గుర్తుపట్టాను. మా పెళ్లిలో మోగిన సినిమా పాటలన్నీ ఆయన స్వరపరిచినవే. ఆ సాయంత్రం ఊళ్లో ఆయన పాటల కచేరీ, ఆయన సారథ్యంలోనే.

"పొద్దున్న లేచేసరికి ఎడమచెవి దిబ్బడేసిందమ్మా. హార్మోనియం మెట్టు నొక్కితే కుడిచెవికి 'స' వినపడింది. ఎడమచెవికి అదే మెట్టు కాస్త పైన, అపశ్రుతిగా వినపడింది. నాకు పిచ్చెక్కుతోందా?"

పిచ్చి కాదు. దాన్ని డిప్లాక్యూసిస్ అంటారు. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు ఒకే స్వరం రెండుగా వినిపించడం.

ఆయన భార్యని బయట కూర్చోమని, ఆయన్ని బయటి శబ్దం చొరబడని అద్దాల గదిలో కూర్చోబెట్టి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, మొదలుపెట్టాను. శబ్దం వినపడగానే మీట నొక్కాలి. కుడిచెవికి టకటకా నొక్కారు. పొద్దున్న అపశ్రుతిగానైనా విన్న ఎడమచెవి మధ్యాహ్నానికి ఇంకా దిగజారింది, శబ్దం ఎంత పెంచినా వేలు కదల్లేదు. 'ఇంకా మొదలుపెట్టలేదు కదూ?' అన్నట్టు అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. శబ్దం ఇస్తూనే ఉన్నాను. వెంటనే రిపోర్టుతో ఇద్దరినీ డాక్టరుగారి గదికి తీసుకెళ్లాను.

"ఇవాళే స్టెరాయిడ్ మొదలెట్టాలండి. స్పీకర్ల దగ్గరికి వెళ్లకూడదు," అన్నారు డాక్టరుగారు.

"వినికిడి తిరిగొస్తుందా?"

"కొందరికి వస్తుందండి, కొందరికి రాదు. ఆలస్యమైతే ఆశ తగ్గుతుంది."

"ఇది బయటికి పొక్కితే నాకు సినిమాలు ఎవరిస్తారండీ? కచేరీ అయ్యాక రేపొస్తాను," అంటూ ఆయన లేచారు.

ఎడమపక్కన నడుస్తున్న భార్య మెల్లగా ఏదో అన్నారు. ఆయన పలకలేదు. "ఏమండీ," అని మళ్లీ పిలిచారు. ఆయన గుమ్మం దాటబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. అప్పుడాయన తిరిగి చూశారు. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"పిలిచావా?"

"రెండుసార్లు పిలిచానండి. నాకు భయంగా ఉంది."

ఆయన అక్కడే బెంచీ మీద కూలబడ్డారు. "నాకూ భయంగానే ఉంది," అన్నారు. కచేరీ శిష్యుడికి అప్పగించి, ఆసుపత్రిలో చేరిపోయారు.

వినికిడి చాలావరకు తిరిగొచ్చింది. పైస్థాయి స్వరాలు మాత్రం ఎడమచెవికి ఇప్పటికీ పూర్తిగా అందవు. సంగతి తన వాద్యబృందానికి ఆయనే చెప్పేశారు. సినిమాలు తగ్గాయి కానీ ఆగిపోలేదు. ఇప్పటికీ పొద్దున్నే హార్మోనియం మెట్టు నొక్కి, రెండు చెవులకీ ఒకే స్వరం వినపడుతోందో లేదో చూసుకుంటానని మొన్న ఫోన్లో అన్నారు. ఇది రాయడానికి ఒప్పుకున్నదీ అప్పుడే.

ఆ గుమ్మం దగ్గర చూసినది నా పని తీరుని మార్చింది. మేం చెప్పినదానికి ఆగని మనిషి, భార్య పిలుపు వినపడలేదని తెలిసి ఆగారు. అందుకే ఇప్పుడు ఎవరికి పరీక్ష చేసినా ఇంటివాళ్లని బయట కూర్చోమనను.