స్వరూప చదివిన పడవ ప్రయాణం

ఒక మనిషి గొంతును నేను లేకుండా చేశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. దీన్ని లోపల పెట్టుకునే పెళ్లి చేసుకున్నాను, ఉద్యోగాలు మారాను, నవ్వాల్సిన చోటల్లా నవ్వాను. కొన్నేళ్లకు అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

హైటెక్ సిటీలో అద్దాల భవనాలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. నేను తెనాలి నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నిజానికి హైదరాబాద్ వచ్చింది దానికోసం కాదు. హీరోయిన్లకు డబ్బింగ్ చెబుదామని. ఫిల్మ్ నగర్‌లో ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో! చివరికి ఒక డబ్బింగ్ ఇన్‌ఛార్జి మర్యాదగానే చెప్పాడు, "గొంతు శుభ్రంగా ఉందమ్మా. కానీ విన్నాక గుర్తుండదు" అని. ఆ మాట మీద ఇంక ఎక్కడికీ వెళ్లలేదు.

కాపీరైటు తీరిపోయిన పాత తెలుగు రచనలను చదివి, రికార్డు చేసి, ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా వినిపించే బృందం ఒకటి ఉందని ఆఫీసులో ఎవరో చెబితే వెళ్లి చేరాను. రిటైరైన లెక్చరర్ మూర్తిగారు దాన్ని నడిపేవారు. ఆయన పాత శిష్యుడికి ఫిల్మ్ నగర్‌లో చిన్న డబ్బింగ్ థియేటర్ ఉండేది. ఆదివారం పొద్దున, సినిమా వాళ్లు రాకముందు, మాకు తాళం ఇచ్చేవాడు. నేను చదివేదాన్ని, మిగతావాళ్లు చదివినవి కంప్యూటర్‌లో శుభ్రం చేసేదాన్ని కూడా. దగ్గులు తీసేయడం, తడబాట్లు కత్తిరించడం, అతకడం. ఆ పని నాకొక్కదానికే వచ్చు. థియేటర్‌లో కాపీలు ఉంచేవాళ్లు కాదు, అందరి గొంతులూ నా చేతి మీదుగానే బయటికి వెళ్లేవి.

బృందానికి ఐదేళ్లు నిండుతున్న సందర్భంలో నీళ్ల గురించిన పాత రచనలన్నీ ఒక సంపుటిగా తేవాలనుకున్నాం. బావులు, వానలు, చెరువులు, ఓడ ప్రయాణాలు. అన్నిటికన్నా చివర ఒక పడవ ప్రయాణం. పేరు కూడా సరిగా తెలియని ఒకావిడ, భర్త పోయాక గోదావరి మీద వెళుతూ రాసుకున్నది. అది నాకే ఇస్తారని అనుకున్నాను. మూర్తిగారు స్వరూపకు ఇచ్చారు.

స్వరూపది టోలిచౌకి. అక్కడే ఒక బళ్లో టీచరు. మాలో అందరికన్నా కొత్త. మాట్లాడితే పూర్తిగా ఇక్కడి తెలుగే. ఆ రోజు మైకు ముందు కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టింది. ఎక్కడా నటించలేదు. వంటింట్లో పని చేసుకుంటూ పక్కనున్న మనిషికి చెబుతున్నట్టు చదివింది. పడవ ఒడ్డు వదిలే చోట ఒక్క క్షణం ఆగింది. అక్కడ ఆగమని ఎవరూ చెప్పలేదు. మూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరు ఏం చదివినా పేపరు చూసుకునే సౌండ్ ఇంజనీరు పేపరు పక్కన పెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను.

ఫైలు హాస్టల్‌కు తెచ్చుకుని మళ్లీ విన్నాను. తీసేయడానికి ఏమీ దొరకలేదు. దొరకాలని వెతికాను. చివరికి దొరికింది: యాస. రాసింది గ్రాంథికమైనా అక్కడక్కడా ఆమె నేల పలుకు వినపడుతోంది కదా, వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుందేమో కదా అనుకున్నాను. అప్పట్లో సినిమాల్లో ఆ పలుకు రౌడీలకూ పనివాళ్లకూ మాత్రమే పెట్టేవాళ్లు. నాకు అది సాకుగా సరిపోయింది. కానీ నిజంగా యాసే అభ్యంతరమైతే మూర్తిగారికి ఆ మాటే చెప్పొచ్చు కదా? అబద్ధం ఎందుకాడాను? ఆయన ఒప్పుకోరని తెలుసు. అంతకన్నా, వినగానే గుర్తుండిపోయే గొంతు ఎలా ఉంటుందో ఆ పొద్దున నాకు తెలిసిపోయింది. అది నాది కాదు. అదొక్కటే కారణం. మిగతావన్నీ తర్వాత తెచ్చి పెట్టుకున్నవి.

ఫైలు పాడైపోయిందని ఫోన్ చేశాను. మూర్తిగారు "అయ్యో" అన్నారు. తర్వాత, స్వరూప గొంతు దగ్గర ఏదో గడ్డకు ఆపరేషనని ఆసుపత్రిలో చేరిందని, సంపుటికి టైము లేదని, నన్నే చదివేయమని అన్నారు. ఆపరేషన్ సంగతి నాకప్పుడే తెలిసింది. అప్పుడైనా "ఉండండి, మళ్లీ చూస్తాను" అని ఉండాల్సింది. ఆ ఒక్క మాటతో అంతా సరిపోయేది. అనలేదు. వెళ్లి చదివాను. శుభ్రంగా చదివాను. స్వరూప చదివిందాన్ని చెరపడానికి మాత్రం చేయి రాలేదు. ఒక సీడీలో ఎక్కించి, బట్టల పెట్టెలో అడుగున దాచి, కంప్యూటర్‌లోది తీసేశాను.

సంపుటి విడుదల సభ జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న హాల్లో జరిగింది. స్వరూప వచ్చింది. మెడకు చున్నీ చుట్టుకుని ఉంది. పలకరిస్తే గాలి మాత్రమే వచ్చింది. ఆపరేషన్‌లో నరం దెబ్బతిందట. కొంత బాగుపడొచ్చు, మునుపటిలా మాత్రం రాదన్నారట. టీ తాగుతుంటే నన్ను పక్కకు పిలిచి, ఆ గాలి గొంతుతోనే అడిగింది.

"అక్కా, నా ఫైలు ఖరాబైందన్నరు గద. గా ఖరాబైందే నాకియ్యవా?"

"అందులో ఏమీ వినపడదు స్వరూపా."

"ముక్కలు ముక్కలు వినొచ్చినా ఫికర్ లేదు. మా బిడ్డకు ఇంకా రెండేండ్లే. నా గొంతు ముందుగాల ఎట్లుండెనో దానికి యాదుండదు. ఇంట్ల ఏం రికార్డు లేదక్కా. గదొక్కటే."

ఇప్పట్లా ఫోన్లలో గొంతులు దాచుకునే కాలం కాదది. ఆ సీడీ ఇస్తే మొదటి నుంచి చివరి దాకా అద్దంలా వినిపిస్తుంది. ఎక్కడా పాడవలేదని ఆమెకు తెలిసిపోతుంది. కావాలని కొంచెం చెడగొట్టి ఇద్దామా అని కూడా ఆలోచించాను, ఆ నిలబడ్డ చోటే, ఆమె కళ్లలోకి చూస్తూ. అది చేసినా ఎంతో బాగుండేది.

"లేదు స్వరూపా. అది కూడా పోయింది."

"పోనీ తియ్యి," అంది. నా చేయి పట్టుకుంది. "నువ్వేం జేస్తవ్?"

మర్నాడు ఆఫీసుకు వెళ్లకుండా ఆ సీడీని రెండుగా విరిచాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసుకున్నాను. అసూయతో దాచడం ఏదో ఒక రోజు మనిషికి అర్థం కావచ్చు. కానీ ఒక తల్లి అడిగిన తర్వాత విరవడం? దానికి ఏం పేరు పెట్టుకోను?

స్వరూప ఆ బడి మానేసింది. క్లాసులో గొంతు ఎత్తలేక. నేను మళ్లీ ఏదీ చదవలేదు. దాన్ని శిక్ష అనుకుందామని చూశాను గానీ, నాకు నేను వేసుకున్న శిక్ష ఎవరికి పనికొచ్చింది?

చాలా ఏళ్ల తర్వాత టోలిచౌకిలో బట్టల షాపులో ఎదురైంది. పక్కన తనంత ఎత్తు కూతురు. స్వరూప గొంతు కాస్త బాగుపడింది, బొంగురుగా. నన్ను గుర్తుపట్టి సంతోషపడి, కూతురికి చూపించింది: "గీ అక్కనే. మస్తు చదువుతది. పడవ ముచ్చట వినిపించిన గద." ఆ పిల్ల నాకు నమస్కారం పెట్టింది. తల్లి గొంతులో వినాల్సింది నా గొంతులో విని పెరిగిన పిల్ల. ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. బిడ్డ బాగా పెరిగిందని అన్నాను.

ఇప్పుడు ఆమెకు చెప్పాలా? చెబితే ఆ గొంతు రాదు. నా బరువు దించి ఆమె మీద పెట్టడమే అవుతుందేమో అనిపిస్తుంది. ఇలా అనిపించడం కూడా పిరికితనమేనేమో. నాకు తేలడం లేదు.

ఇన్నేళ్లూ అందరితోనూ, నాతో నేనూ, 'ఫైలు పోయింది' అనే అంటూ వచ్చాను. కరెంటు పోయినట్టు, దానంతటదే పోయినట్టు. పోలేదు. నేను విరిచేశాను. ఈ ఒక్క మాట రాయడానికి పొద్దున కూర్చుంటే ఇంత సేపైంది. దీనివల్ల స్వరూపకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఊపిరి కొంచెం కిందికంటా దిగుతోంది.