నాయన నిమ్మకాయ, నా ఆసిడ్

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ, పుట్టీ సంచి మీద కాల్షియం, మెగ్నీషియం అని అచ్చేసిన అక్షరాలను కళ్లద్దాలు సవరించుకుని చదువుతుంటే, మా నాయన నిమ్మకాయ గుర్తొచ్చి ఉన్నచోటే కూర్చుండిపోయాను.

చిత్తూరు దగ్గర మా నాయనకు సున్నపు బట్టీ ఉండేది. కడప వైపు నుంచి లారీలో రాయి దిగగానే ఒక ముక్క పగలగొట్టి, దాని మీద నిమ్మరసం పిండి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. బుసబుస పొంగితే బట్టీకి, ఊరికే తడిసి ఊరుకుంటే వెనక్కి. నేనేమో తిరుపతిలో కెమిస్ట్రీ చదివి, అక్కడే ఒక కాలేజీ ల్యాబులో కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని. కాళ్లు నేల మీద ఆనని రోజులవి.

ఒకసారి ఆయన వద్దన్న రాయిని ల్యాబుకు తీసుకెళ్లి, పొడి కొట్టి, ఆసిడ్ పోస్తే బ్రహ్మాండంగా పొంగింది. ఇంకేం, ఇది మేలైన సున్నపురాయే, నీ నిమ్మకాయలు ఊరగాయకు దాచుకో అని ఆయన్నే ఎగతాళి చేశాను. "సదువుకున్నదానివి, నువ్వు సెప్తే కాదంటానా" అని ఆ రాయినే కాల్చి, మా ఊళ్లో కడుతున్న చర్చి గోడలకు సున్నం ఇచ్చాడు.

మెగ్నీషియం ఎక్కువున్న రాయి కూడా పొడి చేస్తే పొంగుతుందని, దాని సున్నం నీళ్లు పోసినా లోపల కొంత నీళ్లు పీల్చుకోకుండానే మిగిలి, గోడకెక్కాక తీరిగ్గా ఉబ్బుతుందని నాకు తట్టలేదు. రెండు నెలలకే గోడ నిండా మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. అంతవరకు నాయన సున్నానికి వంకపెట్టిన మనిషి లేడు. చర్చి పెద్దలు ఇంటికొచ్చినప్పుడు, నా పేరు చెబుతాడేమోనని తలుపు వెనక బిగుసుకుపోయి నిలబడ్డాను.

"రాయి ఎంచింది నేనేనప్పా, తప్పు నాదే. మళ్లా పూయిస్తా" అన్నాడు. నేను తలుపు చాటు నుంచి బయటికి రాలేదు.

వాళ్లు వెళ్లాక, ఇంతకీ ఆ రాయిలో ఏముండాదని నన్నడిగి, చెప్పిందంతా బుద్ధిగా విన్నాడు. ఆ తర్వాత బట్టీకొచ్చిన ప్రతివాడికీ, దాంట్లో మెగ్నీషియం ఉండాదని మా పాప కనిపెట్టింది అని గొప్పగా చెప్పుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు రాయికి చెవి పెట్టేవాళ్లు లేరు, అన్నీ సంచి మీదే ఉంటాయి. బట్టీ పోయింది, ఆ పెద్దలు పోయారు, నాయనా పోయాడు. నిజం చెప్పడానికి మీరు తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ రాయి ఎంచింది నేను.