తప్పు బట్టల డాక్టరు గారు

డాక్టర్ వగ్దీకి ఉన్నది ఒకటే లోపం. ఓడలో రాత్రి భోజనానికి ఏ రోజు ఏం వేసుకోవాలో వంటవాళ్ల దగ్గర్నుంచి ఇంజను గదిలో నూనె పోసేవాడి దాకా అందరికీ తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు. అందరూ కోట్లు తొడుక్కున్న రోజు ఆయన స్నానం గౌనులో వస్తాడు. అందరూ చొక్కా చేతులు మడుచుకుని తిరిగే రోజు మూడు ముక్కల సూటులో, గొలుసు గడియారం వేలాడేసుకుని దిగుతాడు. పదకొండేళ్ల నుంచి ప్రతి చలికాలం లక్సర్‌లో ఓడెక్కి అస్వాన్‌లో దిగుతున్నాడు. ఏ ప్రయాణంలోనూ ఒకటి రెండు రాత్రులైనా ఇలాంటి ఘనకార్యం చేయకుండా దిగిన పాపాన పోలేదు.

'బింత్ అల్‌సయీద్' మామూలు ఓడ కాదు. నైలు మీద తిరిగే ఓడల్లో జమీందారిణి లాంటిది. దాని భోజనాల హాలు గుమ్మం దగ్గర హెడ్ వెయిటరు షాజలీ పందొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాడు. అస్వాన్ దగ్గరి నూబియా మనిషి, నిటారుగా తాటిచెట్టులా ఉంటాడు. మెట్లు దిగే అడుగుల చప్పుడు విని ఆ బూట్లకి పాలిష్ పడిందో లేదో చెప్పగలడు. కోటు మరిచిపోయిన వాళ్ల కోసం తలుపు వెనక బీరువాలో మూడు కోట్లు పెట్టుకుంటాడు: సన్నం, మధ్యస్థం, బొజ్జ దొరలకి పాషా. అలాంటి మనిషికి దేవుడు డాక్టర్ వగ్దీని రాసిపెట్టాడు.

మొదటి ఏడాది స్నానం గౌనులో, భుజాన తువ్వాలుతో వచ్చిన మనిషిని చూసి షాజలీ దారికడ్డంగా నిలబడ్డాడు.

"డాక్టరు గారూ, ఇవాళ కోటు వేసుకోవాలండీ."

"అలాగా. ఎవరు చెప్పారు?"

"మీ గదిలో కాగితం పెట్టాం కదండీ."

"అది చదవడానికా? నేను దాంతో కళ్లజోడు తుడుచుకున్నానయ్యా."

షాజలీ పాషా సైజు కోటు తెచ్చేలోగా ఆయన లోపలికెళ్లి, హాలు నట్టనడుమ బల్ల దగ్గర కూర్చుని, బియ్యం కూరిన పావురం తెమ్మని చెప్పేశాడు. హాలులో తొంభై తలలు ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. ఆయన తువ్వాలు తీసి మెడకి కట్టుకుని తినడం మొదలుపెట్టాడు.

ఇంకో ఏడాది తెల్లబట్టల విందు. బల్లగుడ్డల నుంచి గొడుగుల దాకా అంతా తెలుపు. డాక్టరు గారు మోకాళ్ల కిందికి దిగిన నల్ల ఓవర్‌కోటులో ప్రత్యక్షమయ్యాడు.

"ఇదేమిటండీ?"

"చలిగా ఉందయ్యా షాజలీ."

"అస్వాన్‌లోనా అండీ?"

"బయట కాదు. లోపల చలి. డాక్టరుని, నాకు తెలియదా."

తెలియడానికి ఆయన పళ్ల డాక్టరు. నలభై ఏళ్లు హీలియోపొలిస్‌లో పళ్లు పీకి రిటైరయ్యాడు. ఆ రాత్రి ఓవర్‌కోటు విప్పకుండా వేడి వేడి పప్పు సూపు రెండుసార్లు పోయించుకుని తాగాడు. ముక్కు కొసనుంచి చెమట గిన్నెలో పడుతుంటే, ఉప్పు సరిపోయిందని వంటవాణ్ణి మెచ్చుకున్నాడు.

బట్టలు లేక ఇలా వస్తున్నాడా అంటే అదీ కాదు. నాలుగు రాత్రుల ప్రయాణానికి ఐదు పెట్టెలు తెస్తాడు. లక్సర్ రేవులో ఆ పెట్టెలు మోసేవాళ్లు ఏటా అడుగుతారు.

"ఇందులో ఏముందండీ, గుడి రాళ్లా?"

"బట్టలయ్యా."

"మరి వేసుకోరేమండీ?"

ఆయన మోసినవాడికి నోరు తెరవమని, వెనక దవడ పన్ను చూసి, లవంగం పెట్టుకొమ్మని చెబుతాడు.

షాజలీని కాల్చుకుతినేది ఇంకొకటుంది. ప్రతి సాయంత్రం భోజనాలకి గంట ముందే డాక్టరు గారు హాలు గుమ్మానికి ఎదురుగా ఉన్న సోఫాలో పేపరు పట్టుకుని కూర్చుంటాడు. ఆ పేపరు ఒక్కోసారి తలకిందులుగా ఉంటుంది. వచ్చేవాళ్లందర్నీ దాని మీదుగా చూస్తాడు. ఎవరేం వేసుకొచ్చారో కళ్లారా చూస్తాడు. చూసి, కొన్ని రోజులు నింపాదిగా లోపలికెళ్లి మర్యాదగా భోంచేస్తాడు. కొన్ని రోజులు హఠాత్తుగా లేచి, గదికి పరిగెత్తి, ఒంటి మీదున్న మంచి బట్టలు విప్పేసి తప్పు బట్టలు వేసుకొస్తాడు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి మరీ తప్పు రాసేవాణ్ణి షాజలీ తన జన్మలో ఈయన్నొక్కణ్ణే చూశాడు.

ఈ భాగోతం పదకొండేళ్లు నడిచింది. పన్నెండో ఏడు ఓడకి మేడమ్ గీలాన్ అని కొత్త మేనేజరు వచ్చింది. ఎర్రసముద్రం ఒడ్డున పెద్ద హోటలు నడిపిన మనిషి. మొదటి రోజే షాజలీని పిలిచింది.

"కెప్టెన్ విందు రోజు మగవాళ్లకి నల్ల సూటు, మెడకి బో టై, ఆడవాళ్లకి పొడుగు గౌను. ఇంకేదీ కుదరదు. తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"ఎవరో పళ్ల డాక్టరట. పోయినేడు కెప్టెన్ విందుకి పైజామాలో వచ్చాడట."

"చారల పైజామా మేడమ్. ఇస్త్రీ చేసిందే."

"ఇస్త్రీ చేస్తే సూటవుతుందా? ఈసారి వాడు నీ గుమ్మం దాటితే మర్నాటి నుంచి నువ్వు వంటింట్లో గిన్నెలు లెక్కపెట్టుకుందువుగాని. గుమ్మం దగ్గరికి వేరే మనిషిని చూసుకుంటాను."

షాజలీ ఆ మధ్యాహ్నం నిద్రపోలేదు. తిన్నగా డాక్టరు గారి గదికి వెళ్లి తలుపు కొట్టాడు. పందొమ్మిదేళ్లలో ఒక అతిథిని బతిమాలుకోవడం అదే మొదటిసారి. విషయమంతా చెప్పాడు. డాక్టరు గారు మంచం మీద కూర్చుని విన్నాడు.

"గిన్నెలా? నిన్నా?"

"అవునండీ."

"నీ ఎత్తుకి ఆ వంటింటి కప్పు తగులుతుందే. సరే. మాటిస్తున్నాను. నల్ల సూటే వేసుకుంటాను. లేకపోతే గుమ్మం దాటను."

షాజలీకి ఆ మాట చాల్లేదు. పెట్టెలు తెరిపించి, నల్ల సూటు తనే తీసి, బ్రష్ కొట్టి, ముడతలు పోయేలా తగిలించి వచ్చాడు.

ఇంతలో ఓడ ఎస్నా లాకు దగ్గర ఇరుక్కుపోయింది. ముందు పదహారు ఓడలున్నాయి. మూడో రోజు రాత్రి గలాబియా విందు జరగాలి. అందరూ పాదాల దాకా జారే రంగు రంగుల పొడుగు అంగీలు వేసుకుని, డప్పులు మోగిస్తూ, గంతులేసే రాత్రి అది. డప్పుల వాళ్లు ఎద్‌ఫూలో ఓడెక్కాలి. ఓడే ఎద్‌ఫూ చేరలేదు. దాంతో మేడమ్ గీలాన్ రెండు రోజుల్నీ అటూ ఇటూ మార్చేసింది: ఇవాళ కెప్టెన్ విందు, రేపు గలాబియా విందు. మార్పు సంగతి ఇంగ్లీషులో అచ్చువేయించి తలుపుల కింద నుంచి లోపలికి తోయించింది.

ఆ సాయంత్రం డాక్టరు గారు నల్ల సూటులో సోఫా మీదికి వచ్చాడు. బో కూడా తిన్నగా ఉంది. షాజలీ కళ్లు చెమర్చినంత పనయింది. హాలు నిండుతోంది. నల్ల సూట్లు, మెరిసే గౌన్లు, ముత్యాలు. చివర్లో, తలుపులు మూసే వేళకి, మెట్ల మీద గలగలమని చప్పుడు వినిపించింది.

ఉస్తాజా ఇన్షిరాహ్ దిగుతోంది. తంతా ఊళ్లో ముప్పై ఆరేళ్లు చిన్నపిల్లలకి లెక్కలు చెప్పిన టీచరమ్మ. రిటైరైన రోజున పాత విద్యార్థులంతా కలిసి ఆమెని ఈ ఓడెక్కించారు. ఆమె ఒంటి మీద నారింజ రంగు గలాబియా, నడుం చుట్టూ రేకు నాణేల పటకా, నుదుటి మీద పూసల పట్టీ ఉన్నాయి. లక్సర్ బజారులో బేరమాడి, ఈ ఒక్క రాత్రి కోసం కొనుక్కున్నట్టుంది. ముఖం పెళ్లికి వెళుతున్న చిన్నపిల్లలా వెలిగిపోతోంది.

గుమ్మం దగ్గరికొచ్చి ఆమె లోపలికి చూసింది. ఆగిపోయింది. నడుం దగ్గర నాణేలు మాత్రం ఇంకో క్షణం మోగాయి. ఆమె వాటిని రెండు చేతులతో పట్టుకుని ఆపింది.

"ఇవాళ గలాబియా విందు కాదా నాయనా?"

"రేపటికి మార్చారమ్మా. గదిలో కాగితం పెట్టాం."

"ఆ ఇంగ్లీషు కాగితమా. ఏదో సబ్బు అమ్మకం అనుకున్నాను." ఆమె నవ్వబోయింది. కుదరలేదు. "ముప్పై ఆరేళ్లు పిల్లల్ని నోటీసు చదవలేదని నిలబెట్టాను. సరేలే. నాకు తలనొప్పిగా ఉందని చెప్పు. పైకి పోయి పడుకుంటాను."

"సూపు గదికి పంపిస్తానమ్మా."

"వద్దు. ఆకలి లేదు."

షాజలీకి ఇంకేం తోచలేదు. బీరువాలో ఉన్నవి మూడూ మగవాళ్ల కోట్లు. సాయం కోసం సోఫా వైపు చూశాడు. సోఫా ఖాళీగా ఉంది. పేపరు నేల మీద పడి ఉంది.

ఆమె రెండు మెట్లెక్కిందో లేదో, పై నుంచి ధబధబమని ఎవరో పరిగెత్తుకొచ్చారు. డాక్టర్ వగ్దీ. చిలకపచ్చ గలాబియా, తల మీద ఎర్ర టోపీ, చేతిలో కర్ర. తొందరలో అంగీని సూటు మీదే తగిలించేసినట్టున్నాడు. కింద నుంచి పాలిష్ బూట్లు, నల్ల ప్యాంటు అంచులు కనిపిస్తున్నాయి.

"డప్పులేవయ్యా షాజలీ? ఆలస్యమైందని ఇంత దూరం పరిగెత్తుకొచ్చాను." ఆమెని చూసి ఆగాడు. "హమ్మయ్య. మీరూ వచ్చారా అమ్మా."

"ఇవాళ కాదటండీ. రేపట," అంది ఆమె.

"రేపా? మళ్లీ చేశానా?" ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "ఈ షాజలీ నన్ను నైల్లో పారేస్తాడు. పోయినేడు పైజామాలో వచ్చానని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు."

"పైజామాలోనా?"

"చారలదమ్మా."

ఆమె ముఖంలో టీచరమ్మ తిరిగొచ్చింది. "నోటీసు చదవరా మీరు?"

"మా ఆవిడ ఉన్నప్పుడు చదివి పెట్టేది. నలుగురిలోకి ఒక్కణ్ణే ఎలా వెళ్లనమ్మా? మీరు తోడుంటే ఏదో సర్దుకుపోతాను. అయినా నేను లోపలికి రాలేను. సూటు లేకుండా గుమ్మం దాటనని ఇతనికి మాటిచ్చాను. మనిద్దరం ఈ సోఫాలో కూర్చుని తిందాం. షాజలీ, రెండు పావురాలు ఇక్కడికి పంపించు."

షాజలీ ఆయన మెడ వైపు చూశాడు. గలాబియా మెడలోంచి బో ఒక చెవి బయటికి పొడుచుకొచ్చింది. ఆ క్షణంలో అతనికి పదకొండేళ్లూ కళ్ల ముందు తిరిగాయి. స్నానం గౌను రాత్రి మూల బల్ల దగ్గర అసియూత్ ఊరి పెద్దాయన ఒకడు చెప్పులతో, నలిగిన చొక్కాతో ముడుచుకుని కూర్చున్నాడు. పాపం, రైల్లో పెట్టె పోగొట్టుకున్నాడు. మూడు ముక్కల సూటు రాత్రి కొత్తగా పెళ్లైన కుర్రాడొకడు, ఏం వేసుకోవాలో తెలియక పెళ్లిసూటు బిగించుకొచ్చాడు. ఓవర్‌కోటు రాత్రి ఒకావిడ భర్త పోయి నలభై రోజులైనా కాక, ఆ తెల్లటి హాలులో ఒక్కతే నల్లబట్టల్లో ఉంది. వాళ్లలో ఒక్కరి వైపు కూడా ఎవరూ చూడలేదు. చూపులన్నిటినీ నట్టనడుమ బల్ల దగ్గర కూర్చుని ఈయనే తినేశాడు.

షాజలీ డాక్టరు గారి మెడ దగ్గర నలక తీస్తున్నట్టు వంగి, ఒక వేలితో ఆ బో చెవిని లోపలికి నెట్టేశాడు. తర్వాత హాలు తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

"లోపలికి రండి. ఇద్దరూ."

"నా మాట?"

"మీ మాట మీరు నిలబెట్టుకున్నారండీ. మిగతాది నేను చూసుకుంటాను."

తొంభై తలలు తిరిగాయి. నాణేలు గలగలమంటుండగా ముందు ఆమె, కర్ర టకటకలాడిస్తూ వెనక ఆయన హాలు నడుమకి నడిచారు. మేడమ్ గీలాన్ బల్లల మధ్య నుంచి కత్తిలా వచ్చింది.

"ఏమిటిది షాజలీ?"

"రోజు మార్చింది మనం మేడమ్. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి తలుపు కింద తోశాం. గుమ్మంలో ఆపాల్సి వస్తే ముందు మనల్నే ఆపాలి. రేపు పొద్దున్నే వంటింటికి వెళతాను. ఇవాళ్టికి వాళ్లని తిననివ్వండి."

ఆమె జవాబు చెప్పేలోగా పెద్దబల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. కెప్టెన్ అబ్దుల్ మౌజూద్ లేచాడు. ఖెనా ఊరి మనిషి. పుట్టినప్పటి నుంచీ ఒంటి మీద గలాబియానే. అందులోనే యాభై ఏళ్లు ఓడలు నడిపాడు. ఏడాది పొడుగునా ఈ విందులకి మాత్రం ఆయనకి తెల్ల కోటు తొడిగి, ఊపిరాడకుండా బొత్తాలు పెట్టి కూర్చోబెడతారు.

"ఇవాళ ఇది కూడా చెల్లుతుందా?" అని టీచరమ్మ అంగీ వైపు ఆశగా చూపించాడు. ఎవరి జవాబూ వినకుండా బయటికి వెళ్లి, అయిదు నిమిషాల్లో బూడిదరంగు గలాబియాలో, తలపాగాతో తిరిగొచ్చి, గట్టిగా ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. కెప్టెన్ విందులో కెప్టెన్ బట్టలు తప్పని ఎవరంటారు? మేడమ్ గీలాన్ కాసేపు ఆయన్ని చూసింది, కాసేపు షాజలీని చూసింది.

"పావురాలు చల్లారిపోతున్నాయి, వడ్డించండి," అంది. గిన్నెల ఊసు మళ్లీ ఎత్తలేదు.

టీచరమ్మ ఆ రాత్రి రెండు పావురాలు తింది. నోటీసు ఎలా చదవాలో డాక్టరు గారికి భోజనం పొడుగునా పాఠం చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. మధ్యలో ఒకసారి నోరు తెరవమని ఆమె పన్ను కూడా చూశాడట.

మర్నాడు అసలు గలాబియా విందు. డప్పుల వాళ్లు వచ్చారు. వడ్డించేవాళ్లతో సహా అందరూ గలాబియాల్లోనే ఉన్నారు. మేడమ్ గీలాన్ కూడా నీలంది ఒకటి వేసుకుంది. షాజలీ ఒక్కడు మాత్రం నల్ల సూటులో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఓడ మనిషెవరో అతిథులకి తెలియాలి కదా అని అది పాత నియమం. పందొమ్మిదేళ్లుగా ఆ రాత్రి అతను అలాగే నిలబడుతున్నాడు.

డాక్టర్ వగ్దీ మెట్లు దిగి వచ్చాడు. నల్ల సూటు, బో.

షాజలీ గబగబా హాలంతా కలియజూశాడు. బల్ల బల్లకీ వెతికాడు. తప్పు బట్టల్లో ఉన్న మనిషి ఒక్కరూ కనిపించలేదు.

"డాక్టరు గారూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఇవాళ మీకు పని లేదండీ. అందరూ సరిగ్గానే వచ్చారు."

"ఏం పనయ్యా?" డాక్టరు గారు అమాయకంగా ముఖం పెట్టాడు. "ఇవాళేం వేసుకోవాలో నాకు గుర్తులేదు. నువ్వేం వేసుకున్నావో చూసి, అదే వేసుకొచ్చాను."

షాజలీ తలుపు తీసి, ఆ రాత్రి మాత్రం గుమ్మం వదిలి, ఆయన్ని బల్ల దాకా తనే తీసుకెళ్లాడు. డప్పులు మోగుతుంటే తొంభై గలాబియాల మధ్య నుంచి రెండు నల్ల సూట్లు పక్కపక్కన నడిచి వెళ్లాయి.