సోఫా ఉన్నవాళ్లకు సాయం లేదు

ఎదురుగా ఉంటే ఊళ్లో అందరికీ ఆయన సారు, వెనక్కి తిరిగితే కత్తెర. ఆయన చేతిలో కత్తెర ఏనాడూ లేదు. మూరెడు పొడవున్న ఇనుప తాళంచెవి ఉండేది. నీటిపన్ను కట్టని ఇంటి ముందు రాతిపలక లేపి, ఆ తాళంచెవి కిందికి దించి రెండు తిప్పులు తిప్పితే, లోపల కుళాయి కాసేపు దగ్గి ఊరుకునేది. ఇరవై ఏళ్లుగా మున్సిపాలిటీలో ఆయన ఉద్యోగం అదే. కొందరు తిట్టేవాళ్లు, కొందరు ఏడ్చేవాళ్లు. ఆయన మాత్రం ఇద్దరికీ ఒకే ముఖం చూపించేవాడు. "పన్ను కట్టి రసీదు చూపించండి, రేపు పొద్దున్నే తిప్పేస్తాను" అనేవాడు. అన్నట్టే తిప్పేవాడు. అందుకని ఎవరూ ఆయన్ని మెచ్చుకున్న దాఖలా లేదు.

అదే మున్సిపాలిటీలో ఒక సహాయ నిధి కూడా ఉంది. అద్దె కట్టుకోలేని వాళ్లకు, సంపాదించే మనిషి మంచాన పడ్డ ఇళ్లకు కొన్ని నెలలు ఆసరాగా ఇచ్చే డబ్బు. ఏటా ఆ డబ్బు వచ్చినంతా వెనక్కి పోయేది. ఎవరూ అడగలేదు కాబట్టి ఊళ్లో బీదవాళ్లు లేరని ఏటా పైకి నివేదిక వెళ్లేది. అడగాల్సిన కౌంటరు పొద్దున తెరిచి మధ్యాహ్నం మూసేవాళ్లు. అడగాల్సిన మనుషులు ఆ వేళకి పనిలో ఉండేవాళ్లు. కూలి పోగొట్టుకుని వచ్చిన ఒకరిద్దరిని ఆదాయం కాగితం తెమ్మనేవాళ్లు. ఆ కాగితం ఇచ్చేది కూడా అదే కౌంటరు. కాకపోతే మధ్యాహ్నం తర్వాత.

కొత్తగా వచ్చిన కమిషనర్ మేడం ఈ సంగతంతా విని, "వాళ్లు రాకపోతే మనమే వెళ్దాం. ఊళ్లో ఏ ఇంట్లో డబ్బు లేదో తెలిసిన మనిషి మన దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

గదిలో ఉన్నవాళ్లంతా కత్తెర వైపు చూశారు.

అలా ఆయన చేతిలో తాళంచెవి పోయి అట్ట వచ్చింది. అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద కాగితాలు. ఇంట్లోకి వెళ్లి ఏమేం ఉన్నాయో చూసి రాయాలి. మంచం ఉంటే ఫర్వాలేదు. ఫ్యాను ఉంటే ఫర్వాలేదు. సోఫా ఉంటే మాత్రం సాయం లేదు. ఈ రూలు ఎవరు రాశారో ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. ఎవరు రాసినా సోఫాలో కూర్చునే రాసి ఉంటారని ఆయన భార్య అభిప్రాయం.

మొదట వెళ్లింది మార్కెట్ వెనకున్న వరుస గదులకి. ముందు సందు, వెనక సందు, మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని గదులు. రూలు ప్రకారం ముందు రోజే కబురు వెళ్లింది: రేపు మున్సిపాలిటీ నుంచి మనిషి వస్తాడు, ఇల్లు చూస్తాడు, దాన్ని బట్టి సాయం ఇస్తారు.

దీని అర్థం ఏమిటో వరుసకి విడమర్చి చెప్పింది దర్జీ. లోకం తెలిసినవాడు, పైగా మూడుసార్లు అప్పు తీసుకున్నవాడు.

"ఇల్లు ఎందుకు చూస్తారు? తిరిగి కట్టగలమా లేదా అని చూస్తారు. నేను అప్పుకి వెళ్లిన ప్రతిసారీ వచ్చి చూశారు. బోడి గోడలు కనిపిస్తే ఎవడైనా డబ్బిస్తాడా?"

ఈ మాట కాదనడానికి వరుసలో ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఇంతవరకూ వాళ్ల ఇళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లంతా వడ్డీ వాళ్లే.

వరుస మొత్తానికి సోఫా ఉన్నది దర్జీకే. ఎవరో కుట్టుకూలి బదులు ఇచ్చి పోయారు. ఇద్దరు కూర్చోవచ్చు, ఒద్దికగా కూర్చుంటే.

మర్నాడు కత్తెర దర్జీ ఇంటి నుంచి మొదలుపెట్టాడు. ఎర్ర గలీబు తొడిగిన సోఫా. కూర్చోమన్నారు, కూర్చున్నాడు. కుడివైపు కింద ఏదో చురుక్కుమంది. సర్దుకుని, సోఫా ఉంది అని రాసుకుని లేచాడు. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక ముసలమ్మ అడ్డం వచ్చింది.

"నాయనా, మా కుళాయిలో గాలి వస్తోంది. ఎందుకంటావు?"

"పైపులో గాలి చేరితే వస్తుందమ్మా."

"ఎందుకు చేరుతుంది?"

ఈ చర్చ నడిచినంతసేపూ వెనక సందులో ఏదో బరువు ఈడ్చిన చప్పుడు. తర్వాత గదిలో నీలం గలీబు సోఫా. ఆ గది తాపీ మేస్త్రీది. మేస్త్రీ, అతని బావమరిది ఇద్దరూ గోడకి ఆనుకుని చెమటలు కక్కుతూ, ఇప్పుడే నిద్ర లేచామన్నారు. కత్తెర కూర్చున్నాడు. కుడివైపు చురుక్కుమంది. బయటికి వస్తే మళ్లీ ముసలమ్మ.

"అయితే ఆ గాలి వేడిగా ఎందుకుంటుంది?"

ఇస్త్రీ అక్క గదికి చేరేసరికి పొద్దెక్కింది. ఇస్త్రీ అక్క అంటే వరుస చివర బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. పోయినేడు ఆమె కుళాయి మూసింది కత్తెరే. మొగుడు రంగులు వేసేవాడు, మెట్టు తప్పి కిందపడ్డాక మళ్లీ లేవలేదు. చీర అడ్డం కట్టిన మూలలో చాప మీద పడుకుని ఉన్నాడు. చీరకి ఇవతల ఆకుపచ్చ చారల సోఫా.

"కూర్చోండి సారూ" అంది ఆమె, నేల మీద చతికిలబడుతూ.

కూర్చున్నాడు. చురుక్కుమంది.

"ఫ్రిజ్ ఉందా అమ్మా?"

"ఉంది. రిపేరుకి వెళ్లింది."

"టీవీ?"

"అదీ దాంతోనే వెళ్లింది."

"నెలకి ఎంత వస్తుంది?"

"తింటాం, మిగులుతుంది."

చీర అవతల నుంచి దగ్గు వినిపించింది. మిగలడం గురించి మొగుడికి వేరే అభిప్రాయం ఉన్నట్టుంది. ఇంతలో గది యజమాని గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, "ఏమ్మా, నెలాఖరు గుర్తుందిగా? అద్దె బాకీ కడతావా, సామాను సర్దుతావా? వేరేవాళ్లు అడుగుతున్నారు" అని, కొత్త మనిషిని చూసి తల వెనక్కి తీసుకున్నాడు.

"మా దూరపు చుట్టం" అంది ఇస్త్రీ అక్క. "సరసం ఎక్కువ."

కత్తెర కళ్లతో చూసిందే రాసేవాడు. సోఫా ఉంది. సాయానికి అర్హత లేదు. కింద సంతకం పెట్టాడు. వరుసలో అన్ని ఇళ్లకీ అదే రాసి, ముసలమ్మకి గాలి గురించి చివరి సమాధానం చెప్పి, ఇంటికి వెళ్లాడు.

ఇంట్లో నిలబడి అన్నం తింటుంటే భార్య అడిగింది. "కూర్చోరేం?"

"సూది గుచ్చుకుంది."

"ఎవరింట్లో?"

"అందరి ఇళ్లలోనూ."

"అందరి ఇళ్లలోనా?"

"కుడివైపే."

ఆమె గరిటె గిన్నెలో పెట్టి ఆయన్ని కాసేపు చూసింది. ఇరవై ఏళ్లు ఊళ్లో కుళాయిలు మూసినవాడు ఈయనేనా అన్నట్టు చూసింది.

"సూది ఒకటే. సోఫా కూడా ఒకటే."

"రంగులు వేరేగా ఉన్నాయే!"

"దర్జీ ఉన్న చోట రంగులకేం కరువు? వెనక గుమ్మంలోంచి మీకంటే ముందు నడిచి ఉంటుంది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె."

"ఆ నూనె కూడా వాళ్లది కాదు" అన్నాడాయన. కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు కమిషనర్ మేడం ముందు నిలబడ్డాడు. కూర్చోమంది, వద్దన్నాడు. తను రాసినవన్నీ తప్పు అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన తప్పు అన్న మాట వాడటం అదే మొదలు. పక్కనున్న గుమాస్తా పెన్ను కింద పెట్టి మరీ విన్నాడు.

"మీ సంతకం ఉంది. ఊరికే కొట్టేయడానికి లేదు. మళ్లీ వెళ్లి చూసి రాయాలి" అంది మేడం. "నెలాఖరుకి జాబితా ముగుస్తుంది. అందులో లేని ఇంటికి ఇక వచ్చే ఏడే."

"ఈసారి ముందు కబురు పంపొద్దు మేడం. పంపితే సోఫా వస్తుంది."

"పంపకపోతే వాళ్లు పనుల్లోకి పోతారు. రూలు కూడా ఒప్పుకోదు."

రెండూ నిజమే. కబురు వెళ్లింది. ఆయన ఇంటికి వెళ్లి, భార్య కూరలు తరుక్కునే చెక్క స్టూలు అడిగాడు. ఎందుకని అడిగితే, కూర్చోవడానికి అన్నాడు. మర్నాడు దాన్ని సైకిల్ వెనక కట్టుకుని వరుసకి వెళ్లి, ఇస్త్రీ అక్క గుమ్మం బయట దించి, దాని మీద కూర్చున్నాడు. కాళ్ల దగ్గరే ఆయన ఒకప్పుడు లేపిన రాతిపలక.

"లోపలికి రండి సారూ, సోఫా ఉంది" అంది ఇస్త్రీ అక్క.

"నాకు ఆసనం నేనే తెచ్చుకున్నానమ్మా. ఆ సోఫా ఎవరిదో వాళ్లకి పంపించెయ్యండి."

"ఎవరిదో ఏంటి? మాదే. మా సోఫాలో కూర్చుంటే అరిగిపోతారా?"

"గుచ్చుకుంటుంది. సూది ఉంది."

వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ దర్జీ నోరు ఆగలేదు. "దొరికిందా! పోయిన వారం నుంచి దానికోసమే వెతుకుతున్నా."

ముసలమ్మ గాలి సంగతి ఎత్తబోయి మానుకుంది.

కత్తెర అట్ట ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. "సోఫా ఉంటే డబ్బు ఇవ్వరు. లేనివాళ్లకే ఇస్తారు."

"లేనివాళ్లకి ఇస్తే తిరిగి ఎలా వస్తుంది?" అన్నాడు దర్జీ.

"తిరిగి రాదు. అడగరు కూడా."

"ఇదేం వ్యాపారం సారూ?"

"వ్యాపారం కాదు. మున్సిపాలిటీ."

దర్జీ దీన్ని నమ్మడానికి కొంత టైము తీసుకున్నాడు. మేస్త్రీ బావమరిది మాత్రం వెంటనే సోఫా ఒక కొస పట్టుకున్నాడు. ఇస్త్రీ అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండరా. నన్ను అడగనీ." ఆమె కత్తెర వైపు తిరిగింది. "పోయినేడు మీరు కుళాయి మూయడానికి వచ్చినప్పుడు మా ఇంట్లో కూర్చోవడానికి ఏమీ లేదు. అదిగో అక్కడ, గోడకి కాగితం ఆనించి నిలబడి రాసుకున్నారు. ఊరంతా చూసింది. ఈసారి మీరు వస్తారంటే, డబ్బు వచ్చినా రాకపోయినా మిమ్మల్ని నిలబెట్టకూడదు అనుకున్నా. ఇప్పుడు మళ్లీ మీకే, మా ఇంట్లో ఏమీ లేదని చెప్పాలా? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది సారూ."

కత్తెరకి వచ్చిన సమాధానం, రసీదు చూపిస్తే రేపు తిప్పేస్తాను అనేది ఒక్కటే. అది ఇక్కడ పనికిరాదు.

"అప్పుడు నాకు మోకాళ్లు బాగుండేవి, అందుకే నిలబడ్డాను" అన్నాడు. "మీరు చెప్పక్కర్లేదు. దారి ఇవ్వండి, చూసి రాసుకుంటాను."

ఆమె చెయ్యి తీసింది.

వెనక సందులో ఎవరో నీళ్ల డ్రమ్ము అడ్డం పెట్టడంతో సోఫా ముందు గుమ్మంలోంచే రావాల్సి వచ్చింది. కత్తెర స్టూలు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గోడ మీద చూడాల్సింది ఏమీ లేదు. అయినా ఆకుపచ్చ చారల సోఫా తన వీపు రాసుకుంటూ, గుమ్మానికి ఇరుక్కుని, మేస్త్రీ చేత తిట్లు తిని, దర్జీ ఇల్లు చేరేదాకా ఆ గోడనే చూశాడు. తర్వాత స్టూలు ఎత్తుకుని లోపలికి వెళ్లి, చాప పక్కన వేసుకున్నాడు.

"ఫ్రిజ్?"

"లేదు" అంది ఇస్త్రీ అక్క.

"టీవీ?"

"ఎప్పుడూ లేదు" అన్నాడు మొగుడు చాప మీద నుంచి. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరైనా ప్రశ్న అడిగి చాలా రోజులైనట్టుంది, మిగిలినవన్నీ ఆయనే చెప్పాడు. కొన్ని అడగకుండానే.

ఆ వారమంతా స్టూలు వరుసలో ఒక్కో గదికీ తిరిగింది. చివర దర్జీ పట్టుకున్నాడు.

"మరి నా సంగతి?"

"మీకు సోఫా ఉందిగా."

"నెల్లో సగం రోజులు అది నా ఇంట్లో ఉండదు సారూ! ఉన్నది నాకు సూది ఒక్కటే."

కత్తెర చాలాసేపు ఆలోచించి, సోఫా ఉంది, ఇంట్లో వాళ్ల వాడకంలో లేదు అని రాశాడు. ఇది ఏ కాలమ్ కింద వస్తుందో తేల్చలేక ఆఫీసు వాళ్లు ఆ కాగితాన్ని ఇంకా చదువుతున్నారు.

నెలాఖరు లోపే జాబితాలో ఇస్త్రీ అక్క పేరు ఎక్కింది. డబ్బు నేరుగా ఆమె ఖాతాలో పడింది. యజమాని అద్దె బాకీ లెక్కపెట్టి తీసుకుని, మళ్లీ దూరపు చుట్టం అయ్యాడు. మేడం కౌంటరు వేళలు సాయంత్రానికి మార్చింది. ఇంటికి పంపే కబురులో ఒక వాక్యం కలిపింది: వచ్చే మనిషి కోసం ఏ ఏర్పాట్లూ చేయవద్దు. సోఫా రూలు తీసేయమని పైకి రాసింది. పైనుంచి జవాబు వచ్చేదాకా సర్వే చేసేవాళ్లకి స్టూళ్లు కొనడానికి మూడు కొటేషన్లు పిలిచారు.

కొన్నాళ్లకి కత్తెర చొక్కా ఇస్త్రీకి ఇవ్వడానికి వరుసకి వెళ్లాడు. ఇస్త్రీ అక్క పెట్టె పక్కన పెట్టి, లోపల నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బండి నీడలో వేసింది. కొత్తది. కాళ్లకి చుట్టిన కాగితం ఇంకా తియ్యలేదు.

"కొన్నాను" అంది. "రాసుకుంటారా?"

"కుర్చీకి రూలు లేదమ్మా. పైగా ఇవాళ ఆ పని మీద రాలేదు."

"అయితే కూర్చోండి."

ఆయన అరచేత్తో కుర్చీ అంతా ఒకసారి తడిమి చూసి, కూర్చున్నాడు.