మందు వెయ్యని గిన్నె

2022లో నేను మధురవాడలో ఒక మందుల పరిశోధన ల్యాబ్‌లో అటెండర్ని. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. నేను మాత్రం పగబట్టకుండా గాజు గిన్నెలు కడిగి సైన్సుకి సేవ చేస్తున్నాను.

మాధవి మేడమ్ పని లివర్ కణాలతో. మనం మింగిన మందు లివర్‌కి చేరగానే, రిసెప్టర్ అనే కాపలావాడు పసిగట్టి, కణం నడిమి గది న్యూక్లియస్‌లోకి పోతాడు. మందుని విరగ్గొట్టే సరంజామా తయారు చేయిస్తాడు. వాడికి మేడమ్ పచ్చగా మెరిసే తోక కట్టింది. ఒక గిన్నెలో మందు వేస్తుంది, రెండోదాంట్లో వెయ్యదు. ఆ రెండోది కంట్రోల్. అందులో ఎవడూ కదలకూడదు.

కదిలారు.

మైక్రోస్కోప్ గది పట్టపగలు కూడా చీకటే. జాలరిపేటలో పుట్టినవాణ్ణి, దీపాలతో పడవలు రేవుకి రావడం ఎరుగుదును. తెర మీద అలాగే, ఎవరూ పిలవకుండా, పచ్చ వెలుగులన్నీ చప్పుడు లేకుండా నడిమికి జరిగిపోతున్నాయి. ఏ కణం చూసినా అంతే.

“బాబాయ్, దీన్లో ఏటైనా ఏసేవా?” అంది మేడమ్.

“నానా? నాను ముట్టుకుంటే సేపల వాసనొచ్చేద్దమ్మా.”

ఆమె నవ్వలేదు. అది మూడోసారి. శుక్రవారంలోగా కంట్రోల్ నిలబడకపోతే రెండేళ్ల పని, దాని వెంట ఉద్యోగం పోతాయి.

“లోపల్నుంచి ఎవులో పిలుత్తన్నట్టుంది బాబాయ్,” అంది.

గిన్నెల కోసం ఇంక్యుబేటర్, అంటే కణాల్ని ఒంటి వేడిలో ఉంచే పెట్టె, తెరిచాను. గుడి వాసన వచ్చింది. కరోనా వచ్చిపోయాక మేడమ్‌కి వాసనలు తెలియవు. నాకు తెలుసు, ఎందుకంటే అది నా పనే.

దసరా ఆయుధపూజకి యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టాను. ల్యాబ్‌లో మంట నిషేధం. హారతికి బదులు వెలిగించని కర్పూరం పలుకొకటి ఇంక్యుబేటర్‌లో నీళ్ల ట్రే వెనక పెట్టాను. వారం తిరిగేసరికి అది లేదు. దేవుడు పుచ్చుకున్నాడని మురిసిపోయి కొత్తది పెట్టాను. ప్రతి వారం ఆయన పుచ్చుకుంటూనే ఉన్నాడు.

“అమ్మా, తింటన్నది దేవుడు కాదు. నీ గిన్నెలు,” అని, కర్పూరం ఆవిరై వాటిలోకి పోతున్న సంగతంతా చెప్పేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

మేడమ్ చేతికి తొడుగులు తొడుక్కుంది. “ఇంకా ఉందా?”

“మూడు పలుకులున్నాయమ్మా.”

పక్క ల్యాబ్‌లో రెండు ఇంక్యుబేటర్లు అడిగి, ఒకదాంట్లోనే కర్పూరం పెట్టించింది. శుక్రవారం పొద్దున్న చూస్తే, కర్పూరం లేనిచోట ఎవడూ కదల్లేదు. ఉన్నచోట పడవలన్నీ రేవులో ఉన్నాయి.

అప్పుడు నవ్వింది. “దేవుడి సరుకని ఆ కాపలావోడికి తెల్దు కదా బాబాయ్.”

అప్పట్నుంచి ‘ఏమీ వెయ్యలేదు’ అని ఎవరన్నా నమ్మను, నేనన్నా సరే. గుడిలో హారతి కళ్లకద్దుకునేటప్పుడు రెండో చెయ్యి దానంతటదే లివర్ ఉండే కుడి డొక్క మీదికి పోతుంది. లోపల, నన్ను అడక్కుండానే, వాళ్లు బయల్దేరి ఉంటారు.