యా మంచు?

బ్యాటరీ తన గూట్లో కూర్చున్నప్పుడు 'టక్'మని ఒక చప్పుడు వస్తుంది. ఈ ఉదయం గ్యారేజీలో ఆ చప్పుడు వినగానే, ఖలీల్ అంకుల్ పక్కనే నిలబడి "ఇంకొంచెం గట్టిగా నొక్కు మా, మిషన్ దగ్గర మొహమాటం దేనికి?" అన్నట్టే అనిపించింది. ఆయన పోయి రెండు చలికాలాలు దాటాయి. మా ఇంట్లో చలికాలం మాత్రం ఇంకా ఆయన మాటలతోనే మొదలవుతుంది.

కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో హాయిగా ఉన్నవాళ్ళం, మంచుకొండల కిందున్న ఈ చిన్న ఊరి ఆసుపత్రిలో నేను డాక్టరుగా చేరడంతో ఇక్కడికి వచ్చిపడ్డాం. ఆన్‌కాల్ రోజున పిలుపు వస్తే ఉన్నపళంగా బయల్దేరాలి. మా ఇల్లేమో ఏటవాలు మీద, గ్యారేజీ నుంచి గేటు దాకా కంకర దారి. మొదటి చలికాలం నేనూ మా ఆయన రవీ పారలతోనే మంచు ఎత్తిపోస్తూ నెట్టుకొచ్చాం. ఒక ఉదయం పిలుపొచ్చింది, కారు కదల్లేదు. వేరే డాక్టరు అందుకున్నాడు కాబట్టి రోగికి ఏమీ కాలేదు గానీ, నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

మర్నాడే అంకుల్ దుకాణానికి వెళ్ళాం. ఆదోని నుంచి వచ్చి, ఇక్కడ తోటపని యంత్రాలు అమ్ముతూ జుట్టు నెరిసిపోయిన మనిషి. ఊళ్ళో తెలుగు మాట్లాడేది ఆయనా మేమూ. "మంచు ఎత్తిపోసే మిషన్ కావాలి అంకుల్" అన్నాను.

"యా మంచు?" అన్నారాయన.

"మంచంటే మంచే కదండీ, స్నో!"

"తెలుగుతో అదే తంటా మా. గడ్డి మీద చుక్కలూ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. మిషన్‌కి తెలుగు రాదు కదా! మీకాడ పడేది పిండి మాదిరి మంచా, తడి మంచా? కౌన్సిల్ బండి రోడ్డు ఊడ్చి మీ గేటు ముందర గట్టు పోసిపోతాదే, అదా?"

తడి మంచూ, ఆ గట్టూ రెండూ మా పాలిట శత్రువులే. రవి కళ్ళు మాత్రం ఒక బుల్లి మిషన్ మీదున్నాయి. "ఇది లైట్ వెయిట్ అంకుల్, ఈజీగా స్టోర్ చేస్కోవచ్చు."

"అది సింగిల్ స్టేజ్ నాయనా. తవ్వేదీ విసిరేదీ ఒకే రెక్క, అదీ నేలను రాసుకుంటా తిరుగుతాది. సిమెంటు మీద బంగారం. మీ కంకర మీద పెడితే రాళ్ళన్నీ కారు అద్దానికే. ఈ టూ స్టేజ్ చూడు. ముందరి మర తవ్వి లోపలికి లాగుతాది, వెనక ఫ్యాను ఎత్తి అవతల పోస్తాది. వంటకొకరు, వడ్డనకొకరు ఉన్నట్ల. నేలకు కొంచెం పైన నడుస్తాది, రాళ్ళ జోలికి పోదు."

"పెట్రోల్‌ది ఇంకా బలమైనది కదా?" అన్నాను.

"కొండ మీద లాడ్జీలోళ్ళకి అదే ఇస్తా. నీకొద్దు. పని ఉండేది చలికాలమే. తక్కిన కాలమంతా పాత పెట్రోల్ లోపల జిగురైపోయి, సరిగ్గా అవసరమైన పొద్దున మొరాయిస్తాది. బ్యాటరీది తీసుకో. అయితే బ్యాటరీలు షెడ్డులో చలికి వదలొద్దు, ఇంట్లో పెట్టుకో. ఇంకో జత చార్జింగ్‌లో ఉండల్ల."

అమ్మడంతో ఆయన పని అయిపోలేదు. ఆదివారం వచ్చి దగ్గరుండి నడిపించారు. నేను గాలికి ఎదురుగా తిప్పి మంచంతా రవి ముఖాన పోశాను. "తూర్పారబట్టేవాడు గాలివాటం చూసుకోడా?" అంటూ నన్ను అక్కడే తూర్పారబట్టారు.

మరుసటి ఆగస్టులో, ఇక్కడి నడిచలికాలంలో, ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోను. ఖలీల్ అంకుల్‌ని తీసుకొచ్చారట. గేటు ముందు మోకాలెత్తు గట్టు. గ్యారేజీకి పరిగెత్తి రెండు బ్యాటరీలూ నొక్కాను. టక్, టక్. కంకర మీద ఆ మిషన్ ధీమాగా నడిచింది, గట్టును చీల్చింది, నేను సమయానికి చేరాను.

అంకుల్ మంచం మీద కూర్చుని నర్సుతో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నన్ను చూసి, "ఏం లేదు మా, గ్యాసు. ఇంటికి పంపిచ్చు" అన్నారు.

మనవాళ్ళకు ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే. మంచు లాగే ఇదీ పది అర్థాల మాట. "యా గ్యాసు అంకుల్?" అన్నాను.

తన మాట తనకే తిరిగొచ్చేసరికి ఆయన నవ్వబోయి ఆగిపోయారు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు. "నొప్పి లేదు. బరువు మా. తడి మంచు ఎత్తిపోసినట్ల."

షుగరున్న మనిషి. నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఈసీజీ అదే చెప్పింది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇచ్చి కాన్‌బెర్రాకు పంపించాను. ఆయన తిరిగొచ్చి మళ్ళీ కౌంటర్ వెనక కూర్చున్నారు, ఇంకా కొన్నేళ్ళు. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ, "నేనమ్మిన మిషనే నాకు డాక్టరమ్మను తెచ్చింది" అని గర్వంగా చెప్పుకునేవారు. ఆయనంటే నాకు ప్రాణం. ఒక్కసారైనా ఆ మాట ఆయనతో అనలేదు, అనాల్సిన అవసరం మా మధ్య రాలేదు.

ఇప్పటికీ రోగి ఏ మాట చెప్పినా, మందు రాసే ముందు నాలో ఆదోని యాస ఒకటి అడ్డం తిరిగి "యా నొప్పి? యా నీరసం?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న నన్నెప్పుడూ మోసం చేయలేదు.

ఈ ఉదయం రవి కిటికీ తీసి, "బాగా మంచు పడిందోయ్!" అని కేకేశాడు.

"యా మంచు?" అన్నాను గ్యారేజీలోంచి, రాజమండ్రిలో పుట్టినదాన్నయినా.

అతను వరండా మెట్టు దిగి, గుప్పెడు తీసి పిండి చూశాడు. "తడిది. బరువుగా ఉంది."

ఆ మాట పూర్తయ్యేలోగా రెండో బ్యాటరీ కూడా నొక్కేశాను, మొహమాటం లేకుండా.